జున్నుపాల సీసా

నా పేరు సుధాకర్. నన్ను ఊళ్లలో బర్ల డాక్టర్ అంటారు. నేను డాక్టర్‌ని కాదు, గోపాలమిత్రను. సుల్తానాబాద్ చుట్టూ పదకొండు ఊళ్లలో ఎదకొచ్చిన బర్రెలకు, ఆవులకు సూదులు వేస్తాను. చూలు నిలిచిందో లేదో చూస్తాను. దూడలకు కడుపులో నట్టలు పోయే మందు తాగిస్తాను. అసలు డాక్టర్ వేరే ఉన్నాడు. ఆయన సంతకం పెడతాడు, నేను పేడలో చెయ్యి పెడతాను. అయినా ఎవరైనా "డాక్టర్ సాబ్" అని పిలిస్తే ఇప్పటిదాకా ఒక్కసారి కూడా దిద్దలేదు. నా గురించి ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

ఇంకో సంగతి కూడా ఉంది. నా బండి సంచిలో గ్లౌజులు, సిరంజీలు, మందు సీసాలతో పాటు ఎప్పుడూ ఒక ఖాళీ సీసా ఉండేది. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా. మా ఆవిడ నవీన దాన్ని వేణ్నీళ్లతో కడిగి, ఎండలో బోర్లించి, మళ్లీ సంచిలో పెట్టేది. అది జున్నుపాల కోసం.

మా వైపు బర్రె ఈనితే సూది వేసినవాడికి జున్నుపాలు పోస్తారు. అది లంచం కాదు, మర్యాద. కాదంటే బాధపడతారు. నేను ఎవరినీ బాధపెట్టేవాణ్ని కాదు.

అయితే ఆ పాలు ఎవరివో నాకు తెలుసు. నెలకోసారి ఏదో ఒక ఊళ్లో రచ్చబండ దగ్గర రైతులను కూర్చోబెట్టి నేనే చెప్పేవాణ్ని. "మనిషి బిడ్డ తల్లి కడుపుల నుంచే రోగాన్ని ఆపే బలం కొంత తెచ్చుకుంటది. దూడ తెచ్చుకోదు, వట్టి చేతులతోని వస్తది. దానికి బలమంత ముర్రుపాలల్లనే, గీ జున్నుపాలల్లనే ఉంటది. పుట్టిన గంటల తాపాలె. ముప్పై కిలోల దూడైతే మూడు లీటర్లు. పూట దాటితే దాని పేగు ఆ బలాన్ని లోపటికి రానియ్యదు. అప్పుడు బతికినా ఈసురోమంటది, ఎదుగది, ఎదకు రాదు, జన్మంత రోగమే." ఇంత బాగా చెప్పి, లేచి దులుపుకుని, ఎవరింట్లో బర్రె ఈనిందో కనుక్కుని వెళ్లేవాణ్ని. కంచే చేను మేయడమంటే వేరే ఏం లేదు.

మంచి పాడి బర్రెలున్న ఇళ్లలో అది చెల్లిపోయేది. ఐదారు లీటర్లిచ్చే బర్రె నుంచి లీటరు పోతే దూడకేం కాదు. అలా చెల్లీ చెల్లీ నాకు అలవాటైపోయింది.

బుచ్చవ్వ ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క బర్రె. అదీ తొలిచూలుది.

బుచ్చవ్వకు అరవై ఏళ్లుంటాయి. భర్త పోయి చాలా కాలమైంది. కొడుకు అంజి రైసుమిల్లులో హమాలీ. కోడలు మహేశ్వరి ఇంటర్ దాకా చదివింది, బర్రె ఈనేనాటికి ఆరో నెల. ఆ బర్రెకు మూడుసార్లు సూది వేస్తే గానీ చూలు నిలవలేదు. నిలిచిందని చెప్పిన రోజు బుచ్చవ్వ నేనింకా కడుక్కోని చేతిని అలాగే పట్టుకుని కళ్లకద్దుకుంది.

"పెయ్య దుడ్డె పుట్టాలె బిడ్డా," అంది. "నాకు పుట్టే మనుమడో మనుమరాలో బడికి పోయే యాల్లకు గది ఈని పాలియ్యాలె. నా అంజిగాన్ని నేను గంజి తాపి సాదిన. అప్పుడు నాకు పాలు వడలే, కొననీకె పైసల్లేవు. గందుకే వాడు గట్లున్నడు. సలికాలం అచ్చిందంటె దగ్గే."

అంజి నిజంగా అలాగే ఉంటాడు. బస్తాలు మోసే పని, మనిషి మాత్రం ఖాళీ బస్తా. ముప్పై ఏళ్లకే రెండుసార్లు ఛాతీలో నెమ్ము చేరి దవాఖానాలో పడ్డాడు. ఈ ఇంట్లో పుట్టే బిడ్డ అలా కాకూడదని బుచ్చవ్వ ఆశ. ఆ ఆశంతా ఆ బర్రె కడుపులో ఉంది.

బతుకమ్మ పండుగకు పది రోజుల ముందు, పొద్దున ఏడింటికి మహేశ్వరి ఫోన్ చేసింది. "అన్నా, బర్రెకు నొప్పులు. ఒక్క కాలే కనవడుతుంది, జర జల్ది రా."

వెళ్లేసరికి దుడ్డె ఒక కాలు లోపల మడతబడి ఉంది. చెయ్యి పెట్టి, ఆ కాలు సరిచేసి, బర్రె ముక్కిన ప్రతిసారీ కొంచెం కొంచెం లాగాను. అరగంటకు దుడ్డె బయటపడింది. పెయ్య. నుదుట తెల్లటి చుక్క. గోడకానుకుని నిలబడ్డ మహేశ్వరి కడుపు పట్టుకుని నవ్వి, "చుక్కీ!" అని పిలిచేసింది. బుచ్చవ్వ నన్ను దేవుణ్ని చూసినట్టు చూసింది. అలా చూస్తే మనిషికి ఒళ్లు తెలియదు. నాకూ తెలియలేదు.

బుచ్చవ్వ చెంబెడు నీళ్లతో పొదుగు కడిగి పితికింది. పసుపు రంగులో, చిక్కగా, మూడు లీటర్ల లోపే వచ్చాయి. అవన్నీ చుక్కివే. లెక్క నాకు నోటికొచ్చు.

కానీ ఆ రోజు ఇచ్చోడ నుంచి మా బావమరుదులు వచ్చి ఉన్నారు. "యాడన్న బర్రె ఈనిందేమో సూడు, మా తమ్ముండ్లకు జున్నంటే పానం," అని నవీన నేను బయల్దేరేటప్పుడే చెప్పింది. నేను బకెట్టు వైపు చూశాను. అంతే, నోరు తెరవలేదు. చూడటమే చాలు. బుచ్చవ్వకు ఆ చూపు అర్థమైంది.

"నీకు పొయ్యకుంట ఎవలకు పోస్త బిడ్డా?" అంటూ నా సీసా అందుకుని నిండా పోసింది. మిగిలిన చెంబెడు, కాళ్లు పట్టి లాగడానికి సాయమొచ్చిన పక్కింటి కమలవ్వకు పోయింది. అప్పుడు బుచ్చవ్వ ఖాళీ బకెట్టు చేత్తో పట్టుకుని ఆగి, నన్ను అడిగింది.

"బిడ్డా, దుడ్డెకు ముందుగాల తాపాల్నా?"

ఆమె అడిగింది. ఇది నేను మర్చిపోకూడదు. ఆమె అడిగింది.

"మాపటి పితుకుడు తాపవ్వా," అన్నాను. "గిప్పుడు అలిసిపోయున్నది, పండుకోనీ. పొదుగుల తడి ఉంటది, గది నాకితె సాలు."

సీసా మూత బిగించి సంచిలో పెట్టుకున్నాను. ఇంటికొచ్చేదాకా నా తొడకు ఆ పాల వెచ్చదనం తగులుతూనే ఉంది. నవీన బెల్లం, మిరియాలు, ఇలాచీ వేసి జున్ను వండింది. కత్తి పెడితే ముక్కలు ముక్కలుగా లేచింది. బావమరుదులు గిన్నె అడుగు గీకారు. నేను రెండుసార్లు వేసుకున్నాను.

ఐదో రోజున చుక్కికి తెల్లటి పారుడు పట్టుకుంది. నేను వెళ్లి సెలైన్ పెట్టాను, మాత్రలిచ్చాను, ఓఆర్ఎస్ తాగించాను. మా డాక్టర్‌కు ఫోన్ చేసి ఆయన చెప్పిన సూది కూడా వేశాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, పిలవకుండానే వెళ్లాను. అంత సేవ నేను ఏ ఆసామి పశువుకూ చెయ్యలేదు. బుచ్చవ్వ అది చూసి మురిసిపోయింది. "సొంత బిడ్డకు గూడ గింత జెయ్యరు," అని వాకిట్లో నిలబడి అందరికీ చెప్పింది. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది.

ఎనిమిదో రోజు చుక్కి చచ్చిపోయింది.

నేను వెళ్లేసరికి కొట్టం దగ్గర ఐదారుగురున్నారు. దుడ్డె మీద గోనెసంచి కప్పారు. బుచ్చవ్వ దాని తల దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూడగానే అడిగింది.

"ఏం తప్పు జేసిన బిడ్డా? ఎందుకు వోయింది?"

అందరూ నా వైపు చూశారు. నిజం నా నాలుక మీదే ఉంది. చెప్తే ఏమయ్యేది? నాలుగు తిట్లు తిట్టేవారు. పదకొండు ఊళ్లలో నవ్వేవారు. అంతకన్నా ఏం కాదు. ఆ అంతకే భయపడ్డాను.

"ముర్రుపాలు ఎక్కువైనయవ్వా," అన్నాను. "పుట్టిన నాడు మాపటి పూట కడుపునిండ తాపినట్టున్నవ్. అరగలే. పేగులు వాసినయి."

ఊళ్లో పాతకాలం మనుషులు ఎప్పటి నుంచో అనే మాటే అది. అందుకే అందరూ తలలూపారు. అది అబద్ధమని పదేళ్లుగా రచ్చబండ దగ్గర చెప్తున్నవాణ్ని నేనే.

మహేశ్వరి ఒక్కతే నెమ్మదిగా, "ఆ దినం అది తాగింది ఒక్క మాపటి పూటనే గదన్నా. పొద్దటియి తాగనే లే గదా," అంది.

"నీకేం ఎరుక? ఊకో," అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ పిల్ల తల దించుకుంది.

బుచ్చవ్వ తన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంది. "గీ చేతులతోనే తాపితి," అంది. రెండు రోజులు అన్నం ముట్టలేదని తర్వాత తెలిసింది.

దుడ్డె లేకపోతే బర్రె పాలు చేపదు. అందుకని చుక్కి తోలు ఒలిపించి, ఆరబెట్టి, లోపల వరిగడ్డి కూరి, నాలుగు కర్రలు కాళ్లుగా పెట్టి కుట్టించారు. పూటపూటా దాన్ని బర్రె ముందు నిలబెడితే బర్రె దాని నుదుటి చుక్కను నాకుతూ పాలిచ్చేది. ఆ ఇంటికి నేను మందుకో మాకుకో వెళ్లినప్పుడల్లా ఆ గడ్డి దుడ్డె కొట్టం గుంజకు ఆనించి ఉండేది. నేను అటు వీపు పెట్టి పని చేసుకునేవాణ్ని.

సీసా ఇక పెట్టొద్దని నవీనకు చెప్పాను. ఎందుకని అడిగితే, జున్ను పడతలేదు, కడుపుల మంట అన్నాను. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తోడు. ఆమె ఇంట్లో వాము కషాయం కాచి ఇచ్చింది. తాగాను.

మూడు నెలలు గడిచాయి. నేను మరిచిపోతున్నాననే అనుకున్నాను. డిసెంబరులో ఒక పొద్దున నేను ఒక ఊళ్లో బర్రెకు సూది వేసి చేతులు కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. బుచ్చవ్వ. కరీంనగర్‌లో దవాఖానా నుంచి చేస్తోంది.

"బిడ్డా, మనుమరాలు పుట్టింది! నిన్న పగటీలి. ఆపరేషన్ చేసిండ్రు. తల్లీ పిల్లా మంచిగున్నరు."

"సంతోషమవ్వా," అన్నాను. నిజంగానే సంతోషం వేసింది.

"నువ్వు జెప్పింది యాదికున్నది బిడ్డా. ఒక్క సుక్క పోనియ్యలే."

"ఏంది పోనియ్యలే?"

"ముర్రుపాలు. నర్సమ్మ అచ్చి తాపుండ్రి తాపుండ్రి అంటది. అట్లనే అమ్మా అంట. గామె అటు పోంగనే పిండి గుడ్డల పారవోస్తున్న. దుడ్డెను సంపుకున్న, గీ పిల్లను గూడ సంపుకుంటనా? చక్కెర నీళ్లు తాపుతున్న. అంజిగాడు మేకపాలు తెచ్చిండు. మహేశ్వరి తాపుతనని ఒకటే ఏడుపు. నేనే ఊకోమన్న, నీకేం ఎరుక, సుధాకర్ చదువుకున్నోడు జెప్పిండు అని."

నీకేం ఎరుక. నా మాటే. మాట మాట అలాగే తిరిగొచ్చింది.

నా చేతికి సబ్బు నురగ అలాగే ఉంది. "అవ్వా, అట్ల చెయ్యకు. తాపు. ఇప్పుడే తాపు," అన్నాను. "బర్రె సంగతి వేరు, మనిషి సంగతి వేరు."

అప్పుడు కూడా అది నోటికొచ్చింది చూడండి. ఇంకో అబద్ధంతో గట్టెక్కుదామనుకున్నాను. బుచ్చవ్వ నాకన్నా తెలివైంది.

"పాలు పాలే గద బిడ్డా," అంది. "నర్సమ్మ నొచ్చుకుంటదని నువ్వు గూడ ఆమె పాటే వాడుతున్నవ్. నాకు ఎరుకే." ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

సుల్తానాబాద్ నుంచి కరీంనగర్ ముప్పై కిలోమీటర్లు. దారిలో ఎక్కడ లారీ వచ్చిందో, ఎక్కడ మలుపు వచ్చిందో నాకు తెలియదు. పుట్టి పూట దాటింది, రోజు కావొస్తోంది. మనిషి బిడ్డ వట్టి చేతులతో రాదు, కొంత తెచ్చుకుంటుంది, ఇంకా సమయం ఉంది అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ వెంటనే అంజి దగ్గు గుర్తొచ్చింది. గంజి తాగి పెరిగినవాడి బిడ్డ, ఇప్పుడు నా మాట వల్ల చక్కెర నీళ్లు తాగుతోంది.

కలిసేవాళ్లను లోపలికి వదిలే వేళ అది. వార్డులో మహేశ్వరి కిటికీ పక్క మంచం మీద ఉంది. జాకెట్టు ముందు తడిసి ఉంది, పైన తువాల కప్పుకుంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది. నన్ను చూసి మొహం గోడ వైపు తిప్పుకుంది. బిడ్డ బుచ్చవ్వ ఒళ్లో ఉంది. పిడికెడు పిల్ల. నోరు తెరిచి ఏడుస్తోంది గానీ గొంతు పెద్దగా లేవడం లేదు. బుచ్చవ్వ దూది చక్కెర నీళ్లలో ముంచి దాని పెదాల మీద పిండుతోంది. స్టీలు గ్లాసులో మేకపాలు మూత పెట్టి ఉన్నాయి.

"అరె, గింత దూరం అచ్చినవా బిడ్డా!" అని బుచ్చవ్వ జరిగి చోటిచ్చింది.

నేను కూర్చోలేదు. నర్సమ్మను పిలుచుకొచ్చాను. ఆమె మంచిగానే, ఓపిగ్గానే ఇంకోసారి చెప్పింది. "ఇవే మొదటి టీకా లెక్క అమ్మా. పారవోసుకుంటె మళ్ల రావు." బుచ్చవ్వ, "అట్లనే తల్లీ," అంది. దూది మాత్రం ఆపలేదు.

అప్పుడు నాకు తెలిసిపోయింది. ఆమెను కదిలించేది నర్సు మాట కాదు. నేను ఆడిన అబద్ధాన్ని నేనే విరగ్గొట్టాలి. వార్డులో పది మంచాలున్నాయి. పది మంచాల చుట్టూ జనం ఉన్నారు.

"అవ్వా, చుక్కి ముర్రుపాలు ఎక్కువై సావలే," అన్నాను. "లేక సచ్చింది."

దూది ఆగింది.

"గవి అన్నీ దానివే. మూడు లీటర్లూ. రెండు లీటర్లు నేనే సీసాల పోసుకుని పోయిన. అది వట్టి కడుపుతోని పండుకున్నది. నువ్వు అడిగినవ్, ముందుగాల తాపాల్నా అని. నాకెరుకే. అందరికి నేనే జెప్తనాయె. అయినా మాపటికి తాపుమన్న. సచ్చినంక నా మీదికొస్తదని నీ మీదికి తోసిన. నీ చేతుల తప్పు లేదవ్వా. మహేశ్వరి సక్కగనే అన్నది. నేనే నోరు మూయించిన."

పక్క మంచం దగ్గరి వాళ్లు మాటలాపేశారు. నేను ఏడుస్తున్నానని నర్సమ్మ నా వైపు కుర్చీ జరిపాక తెలిసింది. కూర్చోలేదు. తిడితే బాగుండునని, కొడితే ఇంకా బాగుండునని అనిపించింది.

బుచ్చవ్వ తిట్టలేదు. తన చేతుల వంక చూసుకుంది, ఆ రోజు కొట్టం దగ్గర చూసుకున్నట్టే. దూదిని గ్లాసులో పడేసింది. లేచి, బిడ్డను మహేశ్వరి పక్కన పడుకోబెట్టింది.

"తాపు పిల్లా," అంది. "నీ పాలు నీ బిడ్డకు తాపు. నన్ను మన్నించు."

నేను వరండాలోకి వచ్చేశాను. లోపల నర్సమ్మ, "గట్ల గాదు, తల కొంచెం పైకి... ఆ, పట్టింది, పట్టింది," అనడం వినిపించింది. ఆ తర్వాత బిడ్డ ఏడుపు వినిపించలేదు. నర్సమ్మ బయటికొచ్చి, "ఇంక రెండు మూడు రోజులు వస్తయి ఆ పాలు. ఫికర్ జెయ్యకుండ్రి," అని నాతో చెప్పి వెళ్లింది. పారబోసినవాటి గురించి ఆమె ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. ఆ పిల్లకు ఏడాదికోసారి జలుబు చేసినా, ఎప్పుడు దగ్గినా నాకు ఆ గుడ్డే గుర్తొస్తుంది. అవునో కాదో ఎవరూ చెప్పలేరు. అది నేను మోయాల్సిందే.

కాసేపటికి బుచ్చవ్వ వరండాలోకి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుంది. తిట్లు ఇప్పుడు పడతాయని తల వంచుకున్నాను.

"బిడ్డా," అంది.

"చెప్పవ్వా."

"జున్ను మంచిగయ్యిందా?"

ఎగతాళి కాదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని అన్నం తిన్నావా అని అడిగినట్టు అడిగింది. ఆమె ఆ పాలు తన చేత్తో పోసింది, అవి ఎలా అయ్యాయో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకు అబద్ధం చెప్పాలనిపించింది. విరిగిపోయిందని, పారబోశామని చెప్తే ఆమెకు కొంచెమైనా తేలికవుతుందేమో. కాదు, నాకు తేలికవుతుంది.

"మంచిగయ్యిందవ్వా," అన్నాను. "నేను రెండుసార్లు ఏసుకున్న."